టైరు మీది శాసనము

శాసనమనగానే మనకు శిలయో తామ్రఫలకమో మనసున మెదలును. గుడి గోడ మీదనో, చెరువుగట్టున ఒరిగిన బండ మీదనో నాలుగు పంక్తులు కనబడినచో ఆగి చదువుట చరిత్ర విద్యార్థికి తప్పని అలవాటు. దానశాసనమునకు ఒక క్రమము కలదు. మొదట దాత ప్రశస్తి. పిమ్మట సంవత్సరము, మాసము, తిథి. తరువాత భూమి కొలతయు ఎల్లలును. కట్టకడపట ఆ ధర్మమును అతిక్రమించువారికి శాపవాక్యము. ఇదే క్రమము నల్లని రబ్బరు మీద గూడ ఉండునని మొన్న మొన్నటివరకు మాకు తెలియదు.

మా మేనల్లుడొకడు అమెరికాలో ఒహాయో రాష్ట్రమున, ఆక్రన్ నగరమునకు సమీపమున, భార్యాబిడ్డలతో కాపురమున్నాడు. 1965 నాటి వలస చట్టము తరువాత ఆ దేశము చేరిన తెలుగువారు నేడు లక్షల సంఖ్యలో ఉన్నారు; మా శ్రోతలలో అట్టి పిల్లలు గలవారు ఎందరో. 2025 కార్తికమాసమున ఒక రాత్రి అతడు ఫోను చేసి, తమ కుటుంబపు ఎస్.యు.వి. బండికి టైర్లు మార్చవలసి వచ్చినదని, అంగడివాడు మూడు రకములు చూపి మూడు ధరలు చెప్పినాడని, ఏది తీసికొనవలెనో తోచకున్నదని చెప్పెను. చరిత్ర చదివిన మమ్ము అడిగి ఏమి లాభము నాయనా, అంటిమి. "చదవడం మీకు వచ్చు కదా మామయ్యా! దీని మీద చుట్టూ ఏదేదో రాసి ఉంది" అని అతడు టైరు చుట్టును చేతిదీపము త్రిప్పుచు అక్షరమక్షరము చదువసాగెను. మేము కాగితము తీసికొని వ్రాసికొంటిమి.

అతని మనసులో మరియొక ఆలోచన గూడ ఉన్నది. బండి వెనుక పూర్తి కొలత గల స్టెప్నీ ఒకటి కలదు. అది ఎన్నడును నేలను తాకలేదు. దాని మీది సన్నని రబ్బరు వెండ్రుకలైనను రాలలేదు. దానిని దింపి వాడుకొన్నచో మూడు టైర్లే కొనవచ్చును, ఒక టైరు వెల మిగులును. సంసారపక్షముగా ఆలోచించువారికి ఎవ్వరికైనను తోచునదే. మేమును సరే యంటిమి. రెండు దినములు గ్రంథములు తిరుగవేసిన పిమ్మట, అంత తొందరపడి సరే యన్నందుకు నొచ్చుకొంటిమి. ఆ రెండు దినములలో తెలిసికొన్నదే ఈ ప్రసంగము.

స్టెప్నీ యను మాట మన డ్రైవర్ల నోట నేటికిని నిలిచియున్నది. దాని పుట్టుక చిత్రమైనది. వేల్సు దేశమున లనెథ్లీ పట్టణములో స్టెప్నీ వీథి కలదు. ఆ వీథిలోని డేవీస్ సోదరులు 1904లో అదనపు చక్రమును తయారుచేసి అమ్మిరి. ఇంగ్లండులో ఆ మాట మాసిపోయినది. మన లారీల వెనుక మాత్రము ఆ వీథి పేరు ఇప్పటికిని తిరుగుచున్నది.

ఇక శాసనపాఠము. అంగడివాడు చూపిన మూడు టైర్ల మీదను 'ఆల్ సీజన్' అను పేరు ఉన్నది. సర్వర్తు టైరు, అనగా అన్ని ఋతువులకును పనికివచ్చునది, అని మనము చెప్పుకొనవచ్చును. ఈ పేరు 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రచారమునకు వచ్చినను, ఆ కోరిక మాత్రము రబ్బరంత పాతది. పచ్చి రబ్బరు ఎండకాలమున కరగి జిగట పట్టును. చలికాలమున బిగిసి పగులును. 1830 ప్రాంతమున అమెరికాలో రబ్బరు చెప్పులు, రబ్బరు కోటులు కొన్నవారు ఒక్క వేసవి గడచునప్పటికి వానిని పాతిపెట్టవలసి వచ్చెను. చార్లెస్ గుడ్‌ఇయర్ అను నతడు ఈ రబ్బరును అన్ని ఋతువులకు నిలుచునట్లు చేయవలెనని పట్టుపట్టి, అప్పులపాలై, చెరసాలకు గూడ పోయి, తుదకు 1839లో గంధకము కలిపి కాచినచో రబ్బరు ఎండకు కరగదు, చలికి పగులదు అని కనుగొనెను. 1844లో దానికి పేటెంటు పొందెను. 1860లో అతడు మరణించునాటికి సుమారు 2 లక్షల డాలర్ల అప్పు మిగిలియున్నది. ఆయన పేరు పెట్టుకొన్న గుడ్‌ఇయర్ కంపెనీ 1898లో ఆక్రన్ నగరమున పుట్టినది. ఆయనకు గాని, ఆయన వారసులకు గాని ఆ కంపెనీతో ఏ సంబంధమును లేదు.

అట్లు దృఢపడిన రబ్బరులో గాలి నింపవలెనను ఊహ స్కాట్లండువాడైన రాబర్ట్ విలియం తామ్సన్ అను యువకునిది. 1845లో అతడు పేటెంటు తీసికొని, వాయుచక్రములను గుఱ్ఱపుబండ్లకు తొడిగి లండనులోని రీజెంట్ పార్కున నడిపించి చూపెను. బండి చప్పుడు లేక సాగినది. అయినను కొనువారు లేక ఆ ఊహ నాలుగు దశాబ్దములు నిద్రించెను. బెల్ఫాస్టులో పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి 1887లో గాలిగొట్టము చుట్టి, 1888లో పేటెంటు పొందెను. తామ్సన్ ముందే కనుగొన్నాడని తెలిసి ఆ పేటెంటు తరువాత చెల్లకపోయినను, ఈ మారు సైకిళ్లు సిద్ధముగా నుండుటచే వ్యాపారము నిలిచినది. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో చక్రమునుండి ఊడదీసి బాగుచేయదగిన టైరును చేసిరి. అంతకు ముందు టైరు చక్రమునకు జిగురుతో అంటింపబడియుండెడిది; పంక్చరు పడినచో గంటల కొలది పని, ఆపై రాత్రియంతయు ఆరుట.

రబ్బరు పాలు ఎక్కడివని అడుగవచ్చును. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిలునుండి సుమారు 70,000 విత్తనములను లండనులోని క్యూ తోటకు చేర్చెను. అక్కడ మొలచిన మొక్కలు సింహళమునకును మలయాకును పోయినవి. మలయా తోటలలో చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టిన చేతులలో విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి ఓడలెక్కిన తెలుగు కూలీల చేతులు గూడ కలవు. మలయా ఆంధ్ర సంఘము 1955లో ఏర్పడినది. ఆక్రన్ కర్మాగారములకు సముద్రముల మీదుగా చేరిన రబ్బరులో ఆ చేతుల చెమట కొంత లేకపోలేదు. టైరు మీది ప్రశస్తిలో వారి ప్రసక్తి ఉండదు. శాసనములలో చెరువు త్రవ్విన ఒడ్డెరల పేర్లు మాత్రము ఉండునా?

మేనల్లుడు చదివిన మొదటి పంక్తి ఇది: 235/65 ఆర్ 17, 104 టి. దీనిని విడదీయుట కష్టము కాదు. 235 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అనగా టైరు ప్రక్కభాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంత యని. 17 అనగా లోపలి చక్రము అడ్డుకొలత అంగుళములలో. 104 ఒక సంకేతాంకము, ఒక్కొక్క టైరు 900 కిలోల బరువు మోయగలదని దాని అర్థము. టి యనగా గంటకు 190 కిలోమీటర్ల వేగము హద్దు. ఈ కొలతలలో ఎంపికకు చోటు లేదు. బండి చేసినవారు నిర్ణయించినవే తీసికొనవలెను. బరువు అంకె అంతకు తగ్గరాదు.

నడుమ నున్న 'ఆర్' ఒక్కటే అక్షరమైనను దాని వెనుక పెద్ద కథ కలదు. పూర్వపు టైర్లలో నూలుదారముల పొరలు ఏటవాలుగా, ఒకదానిపై నొకటి అడ్డముగా పరచబడెడివి. బండి నడచునప్పుడు ఆ పొరలు ఒకదానితో నొకటి రాపిడిపడి వేడెక్కెడివి. మిషెలిన్ కంపెనీలో మారియుస్ మిన్యోల్ అను నతడు దారములను అంచునుండి అంచునకు నిలువుగా పరచి, పైన ఉక్కుతీగల పట్టీలు చుట్టుటను కనిపెట్టెను. 1946లో పేటెంటు, 1949లో అమ్మకము. దీనికే రేడియల్ అని పేరు. అది పాతవాని కన్న చాల ఎక్కువ కాలము మన్నెను. కాని అమెరికా కంపెనీలు రెండు దశాబ్దములు దానిని ఆదరింపలేదు. తమ యంత్రములన్నియు మార్చవలసివచ్చుననియు, అంతకాలము మన్నినచో అమ్మకములు తగ్గుననియు వారి వెరపు. 1970 తరువాత ఆ గట్టు తెగినది. తొందరలో మారినవారు దెబ్బతినిరి. ఫైర్‌స్టోన్ కంపెనీ తన 500 అను ఉక్కుపట్టీల రేడియల్ టైర్లను 1978లో లక్షల కొలది వెనుకకు తీసికొనవలసివచ్చెను. పట్టీలు టైరునుండి ఊడి వచ్చుట దాని దోషము. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. 22 ఏండ్ల తరువాత ఇదే దోషము మరల కనబడును.

సర్వర్తు టైరు రేడియల్ రూపమున అమెరికా అంగళ్లకు వచ్చినది 1977లో, గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో అను పేరున. అంతవరకు మంచు పడు సీమలలో చలికాలము రాగానే వెనుక చక్రములకు మంచుటైర్లు తొడిగి, వసంతమున విప్పి మూలపెట్టుకొనుట ఆచారము. ఏడాదికి రెండు మారులు శ్రమ, రెండు జతల ఖర్చు. ఆ రెండును తప్పించెదనన్న టైరును జనులు ఆనందముగా కొనిరి. ఇప్పుడు అమెరికాలో కుటుంబపు బండ్లు చాల భాగము సర్వర్తు టైర్లతోనే కర్మాగారము విడుచుచున్నవి.

మేనల్లుడు చదివిన రెండవ పంక్తిలో 'ఎం ప్లస్ ఎస్' అని యున్నది: బురద, మంచు అను ఆంగ్లపదముల తొలి అక్షరములు. ఇది చూచి అతడు, మంచుకు సరిపోవునని ధైర్యపడెను. అక్కడనే మోసము. ఈ గుర్తు గాడుల ఆకారమును బట్టి యిచ్చునది మాత్రమే. గాడులు ఇంత వెడల్పు, ఇంత లోతు, అంచు వరకు ఇంత భాగము ఉండినచో చాలును. ఆ టైరును మంచు మీద నడిపి చూడవలెనను నియమము లేదు. టైరు మంచును పట్టుకొనుట గాడుల ఆకారముచేతనే గాదు, రబ్బరు మెత్తదనముచేత గూడ. వేసవిలో 40 డిగ్రీల వేడికి త్వరగా అరుగకుండుటకై గట్టిగా చేసిన రబ్బరు సుమారు 7 డిగ్రీలకు దిగువన బిగిసిపోవ నారంభించును. చార్లెస్ గుడ్‌ఇయర్ జయించితిననుకొన్న చలి, వేరొక దారిని మరల లోనికి వచ్చినట్లాయెను. ఫిన్లండు దేశమువారు ఈ సంగతిని మునుపే ఎరుగుదురు. లారీల కొరకు వారు ప్రత్యేకపు మంచుటైరును 1934లోనే తయారుచేసిరి.

ఈ లోటు గుర్తించి అమెరికా, కెనడా టైరు తయారీదారుల సంఘములు 1999లో వేరొక గుర్తును ఏర్పరచినవి. మూడు శిఖరముల పర్వతము, దానిలో మంచురేకు. ఇది ఊరక వచ్చునది కాదు. అణగిన మంచు మీద టైరును నడిపి, ఒక ప్రమాణపు టైరుకు 100 మార్కులనుకొన్నచో దీనికి కనీసము 110 రావలెను. జర్మనీ ప్రభుత్వము ఈ భేదమును చట్టములోనికే తెచ్చినది. 2018 జనవరి 1 తరువాత తయారైన టైర్లకు పర్వతచిహ్నము లేనిదే చలికాలపు టైర్లుగా చెల్లవనియు, అంతకు ముందటి ఎం ప్లస్ ఎస్ టైర్లు 2024 సెప్టెంబరు 30 వరకే చెల్లుననియు నియమించెను. అయినను ఒక మాట చెప్పక తప్పదు: ఆ పరీక్ష బండి ముందుకు లాగుకొనుటను మాత్రమే కొలుచును, ఆగుటను, గడ్డకట్టిన నీటి మీద మలుపు తిరుగుటను కొలువదు. నాలుగు చక్రములకును ఇంజను బలము పోవు బండి గలవారు తమకు మంచు భయము లేదనుకొందురు. అట్టి బండి కదలుటలో మేలు. ఆపునప్పుడు దానికిని నేలను తాకునది ఆ నాలుగు అరచేతులంత రబ్బరే.

ఆక్రన్ వంటి చోట, జనవరి రాత్రులు సున్నకు దిగువన గడచు ఊరిలో, పిల్లలను బడికి దింపవలసిన ఇల్లాలికి మేమేమి చెప్పుదుము? రెండు జతలు కొని మార్చుకొను ఓపిక యున్నచో చలికాలపు టైర్లే మేలు. లేనిచో పర్వతచిహ్నము గల సర్వర్తు టైరు. ఆ చిహ్నము లేని సర్వర్తు టైరు మన గుంటూరుకో హైదరాబాదుకో సరిపోవును. అక్కడ దానికి ఆ పేరు పెట్టుటయే అతిశయోక్తి.

మూడవ పంక్తి 'ట్రెడ్‌వేర్ 700, ట్రాక్షన్ ఏ, టెంపరేచర్ ఏ'. నడిమి వెల గల టైరు మీది వ్రాత ఇది. 700 అనగానే మేనల్లుని మనసు దాని మీదికి పోయెను. ఈ అంకెలు 1966 నాటి వాహన భద్రతా చట్టము ఫలితము. కొనువానికి టైరుల గుణము తెలియుటకు ఒకే తీరు శ్రేణి ఉండవలెనని ఆ చట్టము విధించెను. తయారీదారులతో వాదములు తెగి ఆ శ్రేణి టైర్ల మీదికి ఎక్కుటకు పండ్రెండు ఏండ్లకు పైగా పట్టెను. 1983లో ప్రభుత్వమే అరుగుదల అంకెను నిలిపివేయగా, వినియోగదారుల సంఘము దావా వేసినది. 1984లో న్యాయస్థానము ఆ నిలుపుదల చెల్లదనెను. అరుగుదలను టెక్సాసులోని సాన్ ఏంజెలో చుట్టునున్న 400 మైళ్ల రాజమార్గముపై 7,200 మైళ్లు నడిపి లెక్కింతురు. ప్రమాణపు టైరు 100 అయినచో, 700 అనగా ఆ దారిలో దానికి ఏడింతలు మన్నునని. కాని అంకెను వేయునది తయారీదారుడే. కావున ఒకే కంపెనీ టైర్లలో ఇది మంచి కొలత. ఒక కంపెనీకిని మరియొక కంపెనీకిని నడుమ అంత నమ్మదగినది కాదు. పైగా ఎక్కువ కాలము అరుగని రబ్బరు తడి నేలను అంత గట్టిగా పట్టకపోవుట లోకసహజము. 1992లో మిషెలిన్ వారు మసికి బదులు సిలికా కలిపి ఈ చిక్కును కొంత సడలించిరి, పూర్తిగా విప్పలేదు. ట్రాక్షన్ అక్షరమునకు ఏఏ, ఏ, బి, సి అని నాలుగు మెట్లు. అది తడిదారిలో తిన్నగా పోవుచు ఆగుట మాత్రమే. మా మట్టుకు మేము 700 కన్న ఈ అక్షరమునే ముందు చదువుదుము. టెంపరేచర్ అక్షరము వేడికి తాళుటను చెప్పును.

వేడి మాట వచ్చినది గనుక, ఈ చరిత్రలో మేము ఎక్కువ సేపు నిలువవలసిన చోటికి వచ్చితిమి.

హార్వే ఫైర్‌స్టోన్ 1900లో ఆక్రన్‌లో టైర్ల కంపెనీ పెట్టెను. హెన్రీ ఫోర్డు 1906లో అతనియొద్ద 2,000 జతల టైర్లు కొనెను. ఇద్దరును స్నేహితులైరి; 1947లో ఒకరి మనుమరాలిని మరియొకరి మనుమనికిచ్చి రెండు వంశములు వియ్యమందినవి. ఫోర్డు కంపెనీ 1990లో ఎక్స్‌ప్లోరర్ అను బండిని విడుదల చేయగా, అమెరికా కుటుంబములు దానిని తండోపతండములుగా కొనినవి. నేడు లోకమంతటను కనబడు కుటుంబపు ఎస్.యు.వి.కి దారి వేసిన బండ్లలో అది ముఖ్యమైనది. దానికి టైర్లు సహజముగనే ఫైర్‌స్టోన్ వారివి. ఈ బండి లారీ చట్రము మీద కట్టినది, ఎత్తైనది, త్వరగా మలుపు త్రిప్పినచో పొరలు గుణము కలది. టైర్లలో చదరపు అంగుళమునకు 26 పౌనుల గాలి చాలునని ఫోర్డువారు నిర్ణయించిరి. ఫైర్‌స్టోన్ వారు తరువాత 30 కావలెననిరి. గాలి తగ్గినకొలది టైరు ప్రక్కలు ఎక్కువగా వంగును, వంగినకొలది వేడెక్కును. దక్షిణపు రాష్ట్రముల వేసవిలో, ఇల్లంతయు ఎక్కి, సామాను నింపి, గంటకు 70 మైళ్ల వేగమున పోవుచుండగా ఉక్కుపట్టీల అంచులయొద్ద పగులు పుట్టి, టైరు పైపొర ఒక్కమారుగా ఊడివచ్చెడిది. బండి పొరలెడిది.

1998లోనే ఒక పెద్ద బీమా సంస్థలోని పరిశోధకుడు తమకు వచ్చిన దావాలలో ఇట్టివి 21 ఒకే తీరున ఉన్నవని చూచి ప్రభుత్వ శాఖకు తెలిపెను. ఎవ్వరును కదలలేదు. 1999లో ఫోర్డువారు సౌదీ అరేబియా మొదలగు దేశములలో టైర్లు మార్చి యిచ్చిరి, స్వదేశమున ఇయ్యలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరపు టెలివిజన్ కేంద్రమొకటి ఈ ప్రమాదములపై వార్తాకథనము ప్రసారము చేసినది. అది చూచిన జనులు ప్రభుత్వ శాఖకు ఫోనులు చేయసాగిరి. ప్రసారవృత్తిలో ఉన్నవారము గనుక ఇచ్చట మాకు కొంచెము గర్వము కలిగినచో శ్రోతలు మన్నింతురు గాక. మే నెలలో విచారణ మొదలాయెను. ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ కంపెనీ దారిమీద ఇంకను మిగిలియున్నవని అంచనా వేసిన 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచెను. ప్రభుత్వ లెక్కలో తుదకు తేలిన మృతులు 271 మంది. టైరుదే తప్పని ఫోర్డు, బండిదే తప్పని ఫైర్‌స్టోన్. 2001 మే నెలలో ఫైర్‌స్టోన్ వారే ఫోర్డుకు ఇక టైర్లు అమ్మమని వ్రాసిరి. దాదాపు 95 ఏండ్ల సంబంధము ఒక జాబుతో తెగెను.

టైర్లు వెనుకకు పిలిచిన దినములలో ఇండ్ల ముంగిట ఒక వింత దృశ్యము కనబడెను. తమ టైరు ఆ జాబితాలోనిదా కాదా అని తెలియుటకు డి.ఓ.టి. అను అక్షరముల తరువాత నుండు సంకేతమును చదువవలెను. అది టైరుకు ఒక ప్రక్కనే ఉండెడిది. పెక్కు బండ్లలో ఆ ప్రక్క లోపలికి తిరిగియుండెను. గృహస్థులు దీపము పట్టుకొని బండి క్రింద వెల్లకిల పడుకొని చదివిరి. 2000 నవంబరులో కాంగ్రెసు చేసిన చట్టమునుండియే, ఆ సంకేతము బయటి ప్రక్కన పూర్తిగా ఉండవలెనను నియమము పుట్టినది. టైరులో గాలి నాలుగవ వంతు తగ్గినచో డ్రైవరు ఎదుట దీపము వెలుగవలెనను నియమమును ఆ చట్టముదే. 2007 సెప్టెంబరు తరువాత తయారైన కొత్త బండ్లన్నింట ఆ దీపము ఉన్నది. గుర్రపులాడము నడుమ ఆశ్చర్యార్థకమువంటి ఆ గుర్తును చూచి విసుగుకొనువారు, అది ఎట్లు వచ్చినదో ఎరుగరు.

డి.ఓ.టి. సంకేతపు చివరి నాలుగంకెలే మన శాసనములోని తిథి. మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండు సంవత్సరము. 2000కు పూర్వము మూడే అంకెలుండెడివి. ఏ దశాబ్దమో తెలియకపోయెడిది. రబ్బరు నడచినను నడువకున్నను గాలిలోని ప్రాణవాయువుచేత లోలోపల పెళుసెక్కును. 2005లో ఫోర్డు కంపెనీయే ఆరేండ్లు దాటిన టైర్లను మార్చుమని సలహా యిచ్చినది. కొన్ని టైరు కంపెనీలు పదేండ్లు కడపటి హద్దనుచున్నవి. ఇక్కడనే మాకు మేనల్లుని స్టెప్నీ జ్ఞప్తికి వచ్చినది. వెంటనే ఫోను చేసి దాని చివరి నాలుగంకెలు చదువుమంటిమి. అతడు వెనుక తలుపు తెరచి చూచి, "4416" అనెను. 2016వ సంవత్సరము 44వ వారము. తొమ్మిదేండ్ల ముసలి. వెండ్రుకలు రాలని ఆ రబ్బరు నలుగురు కూర్చున్న బండి క్రింద వేసవి ఎండలో తిరుగవలసినదని తలచి మేము కొంతసేపు మాట రాక ఊరకుంటిమి.

ఇక శాపవాక్యము. అతడు దానిని నవ్వుచు చదివెను. గాలి తక్కువైనను, బరువు ఎక్కువైనను టైరు చెడి ఘోరమైన దెబ్బలు తగులవచ్చునని సన్నని అక్షరములలో చుట్టును వ్రాసియుండును. దాని దగ్గరనే గాలి ఒత్తిడి అంకె ఒకటి కలదు. అది టైరు తాళగల గరిష్ఠము మాత్రమే, మనము నింపవలసినది కాదు. నింపవలసిన అంకె డ్రైవరు తలుపు కంబము మీద అంటించిన చీటిలో ఉండును. ఈ పొరపాటు చదువుకొన్నవారును చేయుదురు.

పాత టైర్లు ఎంత అరిగినవని అడిగితిమి. అమెరికాలో దీనికి ఒక పాత ఉపాయము కలదు: గాడిలో ఒక సెంటు నాణెమును తలక్రిందుగా నిలిపినచో లింకను నడినెత్తి పూర్తిగా కనబడిన యెడల లోతు అంగుళములో పదునారవ వంతుకు దిగినట్లు; చాల రాష్ట్రములలో అది చట్టపు హద్దు. కొత్త టైరుకు దాదాపు అయిదింతల లోతుండును. మేనల్లుని టైర్లలో లింకను జుట్టు ఇంకను మునుగుచున్నది. చట్టము ఒప్పును, వానకును మంచుకును అది చాలదు.

అతడు పర్వతచిహ్నము గల మూడవ రకమునే, నాలుగింటిని, తీసికొనెను. రెండే కొన్నచో కొత్తవి వెనుక చక్రములకు వేయవలెనని, ముందునకు వేసినచో తడిదారిలో బండి వెనుకభాగము జారి తిరుగునని అంగడివాడే చెప్పెనట. అది నిజము. పాతవానిలో మేలైనదానిని, 2021 నాటిదానిని, స్టెప్నీగా ఉంచుకొని తొమ్మిదేండ్ల దానిని అక్కడనే విడిచెను. కొత్తవానిని బిగించుటకు ముందు మేము చెప్పినట్లు నాలుగింటి తిథులను చదివెను. మూడింటి మీద 2925 అని యున్నది. నాలుగవదాని మీద 1123. రెండేండ్లుగా ఏదో గిడ్డంగిలో పడియున్నది. మార్చుమని అడుగగా, ఇన్నేండ్ల వ్యాపారములో ఈ అంకెలు చదివి అడిగినవారిని తాను చూడలేదని అంగడివాడు గొణిగి, లోనికి పోయి మరియొకటి దొరలించుకొని వచ్చెను. మేనల్లుడు వంగి దానిని మాకు ఫోనులో చదివి వినిపించెను: 3125.